తలుపు మీద ఎర్రగుడ్డ

నాన్న లైన్ బాక్సు మొన్న తెరిచాను. డ్రైవర్లు బండి ఎక్కేటప్పుడు వెంట తీసుకుపోయే ఇనుప పెట్టె అది. ఆయన పోయాక మేము దాన్ని పారేయలేదు, తెరవనూ లేదు. మంచం కిందికి తోసి, పైన పాత దుప్పట్లు పెట్టుకున్నాం. ఆ మూల చెదలు పట్టాయని మా ఆవిడ గొడవ చేస్తే బయటికి లాగాను. టార్చి, ఇత్తడి టిఫిను గిన్నె, కళ్ళజోడు పెట్టె, అట్ట ఊడిన రూల్సు పుస్తకం ఉన్నాయి. మూత తీయగానే బొగ్గూ నూనే కలిసిన వాసన వచ్చి ముందు సంతోషం కలిగింది. అన్నిటికీ అడుగున నాలుగు మడతలు పెట్టిన ఎర్రగుడ్డ కనిపించింది. మూత వేసేసి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగింది. చెదలేం లేవన్నాను.

ఆ సాయంత్రమే మా సంఘం నుంచి ఫోను వచ్చింది. యవ్వనస్థుల కూడికలో నేను మాట్లాడాలట. దేవుడిచ్చిన సమయాన్ని ఎలా వాడుకోవాలన్నది అంశమట. ఆలోచించకుండానే సరే అన్నాను. అలా సరే అనడం నాకు చిన్నప్పటి జబ్బు. దాని గురించే ఇది రాస్తున్నాను.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరుకి రెండు గదులు, ముందు చిన్న వరండా, వెనక పెరడు ఉండేవి. నాన్న గూడ్సు డ్రైవరు. కట్నీ వైపు బండి తీసుకెళ్ళి తెల్లారి దిగినవాడు ఆ పగలంతా నిద్రపోవాలి. వేడినీళ్ళ స్నానం చేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ చల్లన్నం తిని, మోకాళ్ళ మీద రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుని ఆయన లోపలి గదిలోకి వెళ్ళగానే, అమ్మ ముందు తలుపు గడియకి ఎర్రగుడ్డ కట్టేది. నాన్నకి ఇంజన్ల షెడ్డులో ఇచ్చిన చేతిజెండా చిరిగిపోతే, అంచులు మడిచి కుట్టి అమ్మ దాచిన ముక్క అది. ఆ గుడ్డ ఉన్నంతసేపూ మా తలుపు ఎవరూ కొట్టేవారు కాదు. కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ముసలామె మా గుమ్మం ముందు కేక మింగేసి, రెండిళ్ళు దాటాక మళ్ళీ అందుకునేది. అమ్మ గిన్నెల కింద గోనెపట్టా పరిచి, చప్పుడు లేకుండా తోమేది. మా కాలనీలో ఆ గుడ్డకి అర్థం ఎవరికీ చెప్పక్కర్లేదు. పట్టాల పక్కన బతికేవాళ్ళకి ఎర్రరంగుతో వాదన ఉండదు.

నాన్న తన విశ్రాంతిని కాపాడుకున్నంత గట్టిగా మరి దేన్నీ కాపాడుకోలేదు. డ్యూటీకి పిలవడానికి కాల్ బుక్కు పట్టుకుని దుక్లూ అనే ముసలి ప్యూను వచ్చేవాడు. ఒక్కోసారి నాన్న నిద్ర గంటలు పూర్తి కాకముందే పంపేవారు. దుక్లూ గుమ్మంలో నిలబడి హిందీలో బతిమాలేవాడు. "ఏసుదాసు సాబ్, బండి నిలబడిపోయింది. ఫోర్‌మేన్ సాబ్ తల పట్టుకుని కూర్చున్నాడు." నాన్న లుంగీ సర్దుకుని, "నిలబడిన బండికి ఏం కాదులే భయ్యా. రెస్ట్ అవలేదని రాసుకో," అని సంతకం పెట్టకుండా పుస్తకం తిరిగి ఇచ్చేసేవారు. తర్వాత నావైపు తిరిగి తెలుగులో అనేవారు. "నిద్ర లేనోడు కూడా ఎర్ర సిగ్నల్ సూస్తాడ్రా. సూసిన సంగతి బుర్రకి అందదు, అంతే."

నాకు అదంతా బద్ధకంగా అనిపించేది. సంఘంలో కూడా ఆయన అంతే. కాలనీలో మా తెలుగు సంఘానికి అప్పుడు ఇటుక గోడలు, రేకుల కప్పు. నాన్న ఒక్క పని ఒప్పుకున్నారు, వెనక మూల ఉన్న మంచినీళ్ళ కుండ నింపడం. లైన్ మీద ఉన్న ఆదివారాలు అమ్మకి అప్పజెప్పి వెళ్ళేవారు. ఇరవై ఏళ్ళలో ఆ కుండ ఖాళీగా ఉండగా నేను చూడలేదు. ఇంకేదైనా బాధ్యత తీసుకోమంటే నవ్వి, "నాకిది సాలండి," అనేవారు. దేవుడి పనికి ఇంత తక్కువ ఇచ్చే మనిషి కొడుకునని లోపల్లోపల సిగ్గుపడేవాణ్ణి.

నేనైతే అన్నీ ఒప్పుకున్నాను. పగలు రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మిగిలిన ప్రతి గంటా సంఘానిది. సండే స్కూలు, పాటల బృందం, యవ్వనస్థుల కూడిక, సర్కండాలో బుధవారం గృహకూడిక, ఉస్లాపూర్‌లో శనివారం కూడిక, కన్వెన్షన్ కరపత్రాలు, తెలుగు చదవడం రాని పిల్లలకి హిందీ అక్షరాల్లో పాటలు రాసిపెట్టడం. మా సంఘపెద్ద దానియేలు మాస్టారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఏ పని వచ్చినా, "మన ప్రకాశం ఉన్నాడు కదా!" అనేవారు. ఆ మాట వినడానికి నేను ఎంత దూరమైనా సైకిలు తొక్కేవాణ్ణి. ఎవరు అడిగినా అడుగుతున్నది ప్రభువే అని చెప్పుకునేవాణ్ణి. నిజం అది కాదు. కాదంటే నన్ను తక్కువగా చూస్తారేమోనని భయం. నేను లేకపోయినా పని జరిగిపోతుందేమోనన్నది ఇంకా పెద్ద భయం. ఇది నాకు నేను ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

జేబులో చిన్న డైరీ ఉండేది. దాన్లో ఖాళీ గీత కనిపిస్తే నాకు తప్పు చేసినట్టుండేది. అమ్మ ఎగతాళి చేసేది. "ఒరే, ప్రభువుకి నువ్వొక్కడివే దొరికావేట్రా? మిగతావోళ్ళందరూ పెన్షనెళ్ళిపోయారేటి?" నేను నవ్వి సైకిలెక్కేవాణ్ణి. ఒక ఏడాది చలికాలం మొదట్లో అమ్మ తనకి తల తిరుగుతోందనీ, కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోందనీ చెప్పింది. ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాను. డైరీలో రాసుకున్నాను కూడా. ఆ శుక్రవారం పాటల ప్రాక్టీసు పడింది. పై శుక్రవారం దానియేలు మాస్టారు రమ్మన్నారు. ఆ మూడో శుక్రవారం దగ్గర కూడా అమ్మ పేరే రాసి ఉంది.

ఆ శుక్రవారం రానేలేదు. ముందు బుధవారం నాన్న పొద్దున్నే లైన్ మీదికి వెళ్ళారు. క్రిస్మస్ నాటకం రాసి ఆ రోజే ఇస్తానని మాటిచ్చినందువల్ల ఆఫీసుకి సెలవు పెట్టి ముందు గదిలో కూర్చున్నాను. పది నిమిషాలకొకరు తలుపు కొడుతున్నారు. దేవదూతకి రెక్కలు ఎవరు కుడతారు, పాటల పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయి, ఉస్లాపూర్‌కి ఎన్ని గంటలకి. ఒక పేజీ కూడా నడవలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి లేచి, మేకుకి వేలాడుతున్న ఎర్రగుడ్డ తీసి బయట గడియకి కట్టాను.

అమ్మ వంటింట్లోంచి చూసింది. "మీ నాన్న లేరు కదరా, ఆ గుడ్డేల?"

"గంటసేపేనమ్మా. లేకపోతే నన్ను రాసుకోనివ్వరు."

"లేని సిగ్నల్ ఎట్టకూడదురా. మీ నాన్నకి తెలిస్తే ఊరుకోరు."

"దేవుడి పనికే కదమ్మా," అన్నాను.

అమ్మ తల ఒక పక్క నొక్కుకుంటూ మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఆ నొక్కుకోవడం చూశాను. చూసిన సంగతి బుర్రకి అందలేదు.

ఒంటిగంటన్నరకి గుర్తొచ్చింది. సర్కండాలో ఒక పెద్దాయన మంచం పట్టారు, రెండింటికి ప్రార్థనకి వస్తానని చెప్పి ఉన్నాను. ముందు నుంచి వెళ్తే ఎవరో ఒకరు పట్టుకుంటారని సైకిలుని పెరటి తలుపులోంచి దాటించాను. "వెళ్ళొస్తానమ్మా" అని కేక వేశాను. ఆమె పలికిందో లేదో వినలేదు. గుడ్డ సంగతి పూర్తిగా మరిచిపోయాను. అరపా నది మీది వంతెన దాటి సర్కండా వెళ్ళి, నాకు పేరు కూడా సరిగా తెలియని ఆ పెద్దాయన తల మీద చెయ్యి వేసి, చాలాసేపు ప్రార్థన చేశాను. ఆయన కోడలు కళ్ళు తుడుచుకుని, "మీలాంటి కొడుకుని కన్న తల్లి ధన్యురాలు," అంది. శనివారం కాకపోయినా, క్రిస్మస్ దగ్గరపడిందని అక్కణ్ణించి ఉస్లాపూర్ వెళ్ళి పిల్లలకి పాట నేర్పాను.

పొద్దు వాలుతుండగా ఇంటికి వచ్చాను. మా పక్క క్వార్టరులో రవణమ్మత్త ఉండేది. ఆమె భర్త షెడ్డులో ఫిట్టరు. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆమె చేటలో బియ్యమో పప్పో వేసుకుని మా ఇంటికి వచ్చి, రాళ్ళు ఏరుతూ అమ్మతో కబుర్లు చెప్పేది. వాళ్ళది నూకాలమ్మ కొలుపు, మాది ఆదివారం ఆరాధన, మధ్యలో ఒక్క చేట. ఆ సాయంత్రం ఆమె మా గేటు దగ్గరే నిలబడి ఉంది. సైకిలు గంట చప్పుడుకి ఉలిక్కిపడి, నోటి మీద వేలు పెట్టుకుంది.

"నెమ్మది బావూ," అని గొంతు తగ్గించి అంది. "మీ నాన్న పడుకున్నారు."

తలుపు వైపు చూశాను. తలుపు మీద ఎర్రగుడ్డ అలాగే ఉంది.

"రెండుసార్లు వచ్చి ఎల్లిపోనాను," అని ఆమె ఇంకా గుసగుసగా చెప్తూనే ఉంది. "లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడైనాది. మీ అమ్మ పీటలు జరుపుతున్నాదనుకున్నాను. కొడదామని చెయ్యెత్తాను గానీ గుడ్డుంది కదా."

తలుపు తోస్తే సగం వరకే తెరుచుకుంది. తలుపుకి అడ్డంగా అమ్మ పడి ఉంది. వంటింటి గడప దగ్గర నుంచి ముందు తలుపు దాకా నేల తడిసి, ఆ తడి మీద చీర ఈడ్చిన గుర్తు ఉంది. వంటింట్లో నీళ్ళ కుండ దొర్లిపోయి ఉంది. ఎడమచెయ్యి తలుపు కింది సందు వైపు చాచి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి ఏదో అనబోయింది. నోరు ఒక పక్కకి లాగింది గానీ మాట రాలేదు. పెదాలు ఎండిపోయి చీలి ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు, "పడిపోయి ఎంతసేపైంది?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. ముందే తెస్తే బాగుండేదా అని తర్వాత అడిగాను. ఆయన మంచివాడు. "చెప్పలేం," అన్నారు. ఆ మాట పట్టుకుని నేను చాలా ఏళ్ళు బతకాలని చూశాను. కానీ నాలుగు గంటలు ఆమె నేల మీద దాహంతో ఉన్న మాటకి ఏ డాక్టరు జవాబు చెప్తాడు?

మర్నాడు నాన్న బండి దిగి, పెట్టె భుజం మీద ఉండగానే నేరుగా ఆసుపత్రికి వచ్చారు. అమ్మ దగ్గర కూర్చుని, పనిచేయని చేతిని తన చేతుల్లో పెట్టుకున్నారు. చాలాసేపయ్యాక నన్ను వరండాలోకి పిలిచారు.

"గుడ్డ కట్టింది నువ్వేనా?"

"అవును నాన్నా."

కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన బయట చెట్టు కింద కూర్చుని ఉన్న రవణమ్మత్త వైపు చూశారు. "గుడ్డ మీ అమ్మే మర్సిపోయి ఒగ్గేసిందనుకుంటున్నాది ఆ మనిసి. తలుపు కొట్టలేదని గుండెలు బాదుకుంటున్నాది. ఎల్లి సెప్పు."

"చెప్తాను నాన్నా."

"నాను సెప్పను. అది నీ పని."

అప్పుడు కూడా సరే అన్నాను. వేల మందికి సరే అన్న నోటితోనే అన్నాను. ఆ పని మాత్రం ఏ డైరీలోనూ రాసుకోలేదు.

అమ్మ ఏడేళ్ళు బతికింది. మాట తిరిగి రాలేదు. ఇంట్లో ఆ మంచం పక్కన కూర్చోవడం నా వల్ల కాలేదు. అందుకని ఇంకా ఎక్కువ పనులు నెత్తిన వేసుకున్నాను. తల్లి అలా ఉన్నా ప్రకాశం పరిచర్య మానలేదని అందరూ పొగిడారు. ఒక కన్వెన్షన్‌లో నిలబడి అమ్మ జబ్బు గురించి సాక్ష్యం చెప్పాను. శోధనలో దేవుడు నన్ను ఎలా నిలబెట్టాడో చెప్పాను. స్త్రీలు ఏడ్చారు. ఎర్రగుడ్డ మాట ఎత్తలేదు. నా జీవితంలో చేసిన పాపాల్లో దేనికి ఎక్కువ భయపడతావని ఎవరైనా అడిగితే, గుడ్డ కట్టడం కాదు, ఆ సాక్ష్యమే అంటాను.

నాన్న ఆ తర్వాత తలుపుకి గుడ్డ కట్టలేదు. పగలు నిద్ర లేదు, రాత్రి అమ్మని ఒత్తిగిల్లించాలి. రెండు నెలలు చూసి, ఆయనే షెడ్డుకి వెళ్ళి, ఇక లైన్ మీదికి పనికిరానని, షెడ్డులోనే ఏదైనా పని ఇవ్వమని రాసిచ్చారు. బండి తప్ప ఇంకేమీ తెలియని మనిషి, ఇతరులు తీసుకెళ్ళే ఇంజన్లకి పని చూస్తూ రిటైరయ్యారు. ఒకరోజు నేను ధైర్యం చేసి, "దేవుడి పని అనే చేశాను నాన్నా," అన్నాను. ఆయన అమ్మకి చెంచాతో జావ పడుతున్నారు. "డ్యూటీ ఇచ్చినోడూ ఆయనే, రెస్ట్ ఇచ్చినోడూ ఆయనే," అన్నారు. "ఆయన కూడా ఏడో రోజు పని ఆపీసినాడు కదరా. నువ్వు ఆయన కన్నా పెద్ద డ్రైవరువేటి?"  జావ ఒక్క చుక్క కింద పడలేదు.

వాక్యం నేను వందసార్లు బోధించాను. జనమంతా వెతుకుతుంటే ప్రభువు ఒంటరిగా అరణ్య ప్రదేశానికి ప్రార్థనకి వెళ్ళిపోయిన సంగతి పిల్లలకి బొమ్మలు వేసి మరీ చెప్పాను. ఆయన అందరి ఇళ్ళకీ వెళ్ళలేదు. అడిగిన ప్రతి ఊరికీ వెళ్ళలేదు. తండ్రి ఇచ్చిన పని ఏదో ఆయనకి తెలుసు కాబట్టి మిగతాది వదిలిపెట్టగలిగాడు. నాన్నకి సంఘంలోని ఆ కుండ తెలుసు. నాకు ఏదీ తెలియదు కాబట్టి అన్నీ పట్టుకున్నాను. అమ్మ పోయాక ఒక్కొక్కటే వదిలేశాను. అది జ్ఞానం వచ్చి కాదు, ఒంట్లో శక్తి లేక. ఇప్పటి పిల్లలకి జేబులో డైరీ కూడా అక్కర్లేదు, ఫోనే పిలుస్తుంది. పొద్దున్న లేచేసరికి నాలుగు ప్రార్థన గ్రూపుల్లో నా పేరు ఉంటుంది. అన్నిటికీ ఆమెన్ అని పెడతాను. మనిషి మాత్రం మారలేదు.

రవణమ్మత్త గురించి ఒక సంగతి చెప్పాలి. అమ్మ పడిపోయినప్పటి నుంచి ఆమె మూసి ఉన్న తలుపు కనిపిస్తే కొట్టకుండా దాటదు. కాలనీలో ఆమెకి పోలీసమ్మ అని పేరు పెట్టారు. కొత్త పెళ్ళిజంట తలుపు కొట్టి తిట్లు తింది. డ్యూటీ దిగి పడుకున్నవాళ్ళని లేపి గొడవలు తెచ్చుకుంది. "ఉన్నారా? బాగున్నారా? సరే పడుకోండి," అని వెళ్ళిపోయేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను. ఒక్క మాట చెప్తే ఆమె ఆ తలుపులన్నీ కొట్టనక్కర్లేదని తెలిసి, నవ్వాను.

నిన్న మధ్యాహ్నం ఆ ఎర్రగుడ్డ సంచిలో పెట్టుకుని ఉస్లాపూర్ వెళ్ళాను. ఆమె కొడుకు అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. సాయంత్రం నేను కూడికలో మాట్లాడాల్సి ఉంది. ఆమె మనవరాలు తలుపు తీసి, "దాదీ, కోయీ ఆయా హై," అని నానమ్మకి ఎవరో వచ్చారని హిందీలో కేకేసింది. రవణమ్మత్త నవారు మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటాయి. చూపు మందగించింది.

"ఎవులు?"

"నేనత్తా, ప్రకాశాన్ని. ఏసుదాసు కొడుకుని."

"ఓలమ్మా, నువ్వేటి! పెద్ద పెద్ద మీటింగులట కదా నీకు. ఇన్నాళ్ళకి తీరిక దొరికిందా?" అని నవ్వింది. "కూకో బావూ, కూకో."

కూర్చుని గుడ్డ ఆమె చేతిలో పెట్టాను. వేళ్ళతో అంచులు తడిమి చూసింది. అమ్మ కుట్టు ఆమెకి గుర్తుంది. నవ్వు ఆగిపోయింది. అప్పుడు చెప్పాను. నాటకం, గుడ్డ, పెరటి తలుపు, నాన్నకి ఇచ్చిన మాట, అన్నీ. ఏమీ దాచలేదు. అంతా చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు.

"అయితే మీ అమ్మ మర్సిపోలేదు," అంది చివరికి.

"లేదత్తా. నేనే."

"ముప్పై ఏళ్ళబట్టీ దాన్ని తిట్టుకున్నాను," అంది. ఆమె గొంతు నాతో మాట్లాడుతున్నట్టు లేదు. "సచ్చిపోయినదాన్ని. ఎంత మతిమరుపుదానివే, గుడ్డ తియ్యకుండా ఒగ్గేసి నన్ను పాపంలో ఎట్టీసినావని. దీపం ఎట్టినప్పుడల్లా తిట్టుకున్నాను."

నాకు ఆ సంగతి ఎన్నడూ తట్టలేదు. ఆమె తనని తానే నిందించుకుంటోందని అనుకున్నాను. అమ్మని కూడా నిందిస్తోందనుకోలేదు. నా మౌనం ఎంత దూరం పోయిందో అప్పుడు తెలిసింది. జేబులో ఫోను కదిలింది. కూడికవాళ్ళే అయి ఉంటారు. తీయలేదు.

"క్షమించత్తా," అన్నాను. "నీ తప్పు కాదు. ఎప్పుడూ కాదు. నేను కట్టిన గుడ్డ అది."

ఆమె గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, పక్కకి వంగి, వేలి కణుపులతో మంచం పట్టె మీద రెండుసార్లు కొట్టింది.

"ఇంతే కదా బావూ పని," అంది. "గుడ్డ ఎవులు కడితేనేటి? చప్పుడు ఇన్నాను కదా నాను. ఇంత కొట్టుంటే సరిపోయేది కదా."

కాదత్తా అన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాను. ఆమె వినడం లేదు. మరోసారి పట్టె మీద కొట్టి, తల ఒక పక్కకి వంచి, లోపలి నుంచి ఎవరైనా పలుకుతారేమోనని ఎదురుచూస్తూ ఉండిపోయింది.